ఎక్సెల్ షీటులో ఎల్లోస్టోన్

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు కాఫీ మెషీను దగ్గర పట్టుకున్నాడు. "అన్నా, నీ దగ్గర ఎల్లోస్టోన్ షీటు ఉందటగా, పంపవా? జూన్‌లో అమ్మావాళ్ళు వస్తున్నారు" అన్నాడు. ఉంది. మన తెలుగువాళ్ళలో ఎవరో ఎప్పుడో మొదలుపెట్టిన ఎక్సెల్ షీటు అది. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఫైనల్ లేటెస్ట్' అని పేర్లు మార్చుకుంటూ చేతులు మారుతూ వస్తోంది. నేను కూడా దానికి ఓ తొమ్మిది వరసలు కలిపాను. కానీ పంపలేదు. ఎందుకు పంపలేదో చెప్పబోయేలోగా వాడికి మీటింగ్ టైమైంది. వాడికి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నా, ఈ వేసవికి బయల్దేరబోయే మిగతావాళ్ళకి కూడా పనికొస్తుందేమోనని.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, అడవికి ప్లాను వేసేటప్పుడు మనమంతా తప్పు ప్రశ్నతో మొదలుపెడతాం అని నా అభిప్రాయం. 'ఎన్ని చూడొచ్చు' అని మొదలుపెడతాం. 'ఎక్కడ ఆగాలి' అని మొదలుపెట్టాలి. ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు, మా నాన్న చెప్పాడు. అది కూడా చెప్పకూడని సమయంలో, చెప్పకూడని చోట. ఆ కథకి వస్తాను.

ముందు, ఇంకా వెళ్ళనివాళ్ళ కోసం కాస్త లెక్క. ఎల్లోస్టోన్ 1872లో ఏర్పాటైంది. ప్రపంచంలోనే మొదటి నేషనల్ పార్కు అంటారు. సుమారు 9 వేల చదరపు కిలోమీటర్లు. 2022లో జిల్లాలు మారకముందున్న మా ప్రకాశం జిల్లాలో సగం అనుకోండి. ఎక్కువ భాగం వయోమింగ్‌లో, కొంచెం కొంచెం మోంటానా, ఇడాహోల్లో ఉంటుంది. లోపల 8 అంకె ఆకారంలో 142 మైళ్ళ రోడ్డు, దానికి ఐదు ద్వారాలు. బస్సు ఉండదు, రైలు ఉండదు. టూరు వాళ్ళతో వెళ్ళకపోతే సొంత కారో అద్దె కారో వేసుకుని మనమే తిరగాలి. గరిష్ఠ వేగం గంటకి 45 మైళ్ళు, చాలాచోట్ల అంతకన్నా తక్కువే.

ఇప్పుడు మన ఇంజనీరు బుర్ర ఏం చేస్తుంది? 142ని 45తో భాగిస్తుంది. మూడు గంటల పైచిలుకు వస్తుంది. "ఓస్, ఇంతేనా! పొద్దున్నే దిగితే ఒక్కరోజులో చుట్టేసి మిగతా రెండు రోజులు గ్రాండ్ టీటన్ కూడా కలిపేయొచ్చు" అనుకుంటుంది. నేనూ సరిగ్గా ఇదే అనుకున్నా :)

2023 జూన్. అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వచ్చారు. నాకు మిగిలిన సెలవులు నాలుగు. రెండు నెలల ముందు చూస్తే పార్కు లోపల ఒక్క గది లేదు (లోపలి లాడ్జిలకి ఏడాది ముందే పోటీ ఉంటుందని అప్పుడు తెలిసింది). పడమటి గేటు పక్కనే ఉన్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్ళో ధరలు చూసి కళ్ళు తిరిగాయి. అందుకని తెలివిగా అక్కడికి 107 మైళ్ళ అవతల, ఇడాహో ఫాల్స్‌లో హోటలు తీసుకున్నా. రోజుకి రానూ పోనూ 214 మైళ్ళు పార్కు బయటే తిరగాలన్నది షీటులో ఏ వరసలోనూ లేదు. వరసలన్నీ చూడాల్సిన చోట్లకే కదా.

మొదటిరోజుకి 23 వరసలు. ఒక్కోదానికి ఎదురుగా వచ్చే టైము, పోయే టైము. గ్రాండ్ ప్రిజ్మాటిక్‌కి 35 నిమిషాలు, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి 40, భోజనానికి 20. మా ఆవిడ చూసి "మీ ప్రాజెక్టు ప్లానుకి కూడా ఇంత శ్రద్ధ పెట్టుండవు" అంది. ప్రశంస అనుకున్నా.

పొద్దున ఐదింటికి బయల్దేరాం. ఏడుకి గేటు దాటాం. అప్పటిదాకా షీటు ప్రకారమే. గ్రాండ్ ప్రిజ్మాటిక్ దగ్గర పార్కింగ్ దొరకడానికే నలభై నిమిషాలు పట్టింది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గరికి వెళ్ళేసరికి జనం బెంచీల మీంచి లేచి వెనక్కి వస్తున్నారు. నాలుగు నిమిషాల్లో తప్పిపోయింది. అది సుమారు గంటన్నరకి ఒకసారి ఎగజిమ్ముతుంది. మన షీటు కోసం తొందరపడదు కదా. హేడెన్ వ్యాలీలో బైసన్ల మంద రోడ్డుకి అడ్డంగా పడి తీరిగ్గా నడుస్తుంటే గంటా పావు నిలబడిపోయాం. దాన్ని అక్కడ 'బైసన్ జామ్' అంటారు. మందలో ఇటుకరంగు దూడలు తల్లుల వెనక గంతులేస్తున్నాయి. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం వాచీ చూసుకుంటూ స్టీరింగ్ మీద వేళ్ళతో దరువు వేస్తున్నా.

మధ్యాహ్నం నుంచి అమ్మ తలనొప్పి అంటోంది. ఎత్తు వల్లేమో అనుకున్నాం. పార్కులో చాలా భాగం ఏడున్నర వేల అడుగుల పైనే ఉంటుంది, మాకేమో సముద్రానికి మరీ ఎత్తులో ఉన్న ఊరు కాదు. మా ఆవిడ బాటిల్ చూసి "అత్తయ్యా, పొద్దున్నుంచీ నీళ్ళు తాగలేదా?" అని అడిగింది. అమ్మ ఏమందో తెలుసా? "తాగితే మాటిమాటికీ ఆపమనాలి. అబ్బాయికి టైము పోతది గదమ్మా" అంది.

ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. పధ్నాలుగు వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన మనిషి, నా షీటు పాడవుతుందని నీళ్ళు మానేసింది. సిగ్గుపడి అక్కడే ఆపేసి ఉండాల్సింది. ఆపలేదు. నీళ్ళు తాగించి, మాత్ర వేసి, మళ్ళీ బయల్దేరదీశా. ఇంకా ఆరు వరసలున్నాయి మరి.

కాన్యన్ చేరేసరికి సాయంత్రం ఏడున్నర. 308 అడుగుల జలపాతాన్ని చూసి, ఫొటోలు దిగి, తిని బయల్దేరేసరికి తొమ్మిదింపావు. చీకటి పడుతోంది. అక్కణ్ణుంచి పడమటి గేటుకి 40 మైళ్ళు, ఆ తర్వాత హోటలుకి 107. పొద్దున నాలుగింటికి లేచిన డ్రైవరుని నేను.

మ్యాడిసన్ నది పక్క రోడ్డు. దీపాలుండవు. సెల్ సిగ్నల్ లేదు. వెనక ఆడవాళ్ళిద్దరూ నిద్రపోతున్నారు. పక్క సీట్లో నాన్న. ఆయనకి నిద్ర లేదు, ఎప్పట్నుంచో ముందుకి వంగి కూర్చుని రోడ్డే చూస్తున్నాడు. ఉన్నట్టుండి "ఆపు! ఆపరా!" అన్నాడు. ఎందుకో తెలీకుండానే బ్రేకు తొక్కా. కారు ఆగాక హెడ్‌లైట్ల వెలుగులో ఒక నల్లటి గోడ కనబడింది. గోడకి కాళ్ళున్నాయి. బైసన్. కారుకీ దానికీ మధ్య ఏడెనిమిది అడుగులు ఉంటాయేమో. అది తల తిప్పి మావైపు చూసి, మళ్ళీ తన దారిన తను నడిచింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఒక దూడ.

పెద్ద బైసన్ బరువు 900 కిలోల దాకా ఉంటుంది. దాన్ని గుద్దితే కారు ఏమవుతుందో, కార్లో వాళ్ళేమవుతారో చెప్పక్కర్లేదు. అంతకు ఆరు నెలల ముందే, 2022 డిసెంబర్ 28 రాత్రి, వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరికి ఉత్తరంగా పోయే హైవే మీద ఒక లారీ మందని గుద్దింది. ఆ ఘటనలో 13 బైసన్లు చచ్చిపోయాయి. ఆ సంగతి నేను తర్వాత చదివాను. ముందే చదివుంటే మాత్రం షీటు మారేదా అంటే, నిజాయితీగా చెప్పాలంటే, అనుమానమే.

నాన్న సంగతి చెప్పలేదు కదూ. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మార్కాపురం డిపో. అందులో చాలా ఏళ్ళు దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ రోడ్డే ఆయన రూటు. మీలో ఆ దారిన వెళ్ళినవాళ్ళకి తెలిసే ఉంటుంది, నల్లమలలో పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అటవీ శాఖ వాళ్ళు దోర్నాల దగ్గరా, అటు మన్ననూరు దగ్గరా గేటు వేసేస్తారు. తొమ్మిదీ అయిదుకి వెళ్ళి ఎంత బతిమాలినా తియ్యరు. చిన్నప్పుడు ఆ గేటు దగ్గర జనం తిట్టుకోవడం నేను చూశాను.

కారు పక్కకి తీసి ఆపాను. చేతులు వణుకుతున్నాయి. నాన్న తిట్టలేదు. కాసేపాగి, "ఇక్కడ రాత్రిపూట గేటు వెయ్యరా?" అని అడిగాడు. లేదు నాన్నా, ఇరవైనాలుగ్గంటలూ తీసే ఉంటుంది అన్నా. "మాకు గేటుండేది. పొద్దుపోతే ఎవురో ఒకరు ఆపేవోళ్ళు. ఇక్కడ ఆపేవోడు లేడు గదా, మరి నువ్వే వేసుకోవాల గేటు. నీ కాయితంలో యాడన్నా రాసుకున్నావా అది?" అన్నాడు.

23 వరసల్లో ఎక్కడా లేదు.

అక్కణ్ణుంచి పాతిక మైళ్ళ స్పీడులో వెస్ట్ ఎల్లోస్టోన్ చేరి, రెండు నెలల ముందు 'ఇంత ధరా' అని వదిలేసిన లాంటి మోటెల్లోనే, అంతకన్నా ఎక్కువ డబ్బులిచ్చి పడుకున్నాం. ఇడాహో ఫాల్స్ హోటలు డబ్బులు ఎటూ పోయాయి.

రెండోరోజు షీటు తియ్యలేదు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అక్కడికి 30 మైళ్ళే. అక్కడికే వెళ్ళి రోజంతా ఉన్నాం. అమ్మ దాన్ని రెండుసార్లు చూసింది. రెండోసారి పక్కన కూర్చున్న ఒక పెద్దావిడకి 'ఇదిగో, ఇప్పుడొస్తది చూడు' అని చేతులతో చెబుతోంది, ఆవిడకి తెలుగు రాకపోయినా అర్థమయింది. చెక్కబాట మీద మెల్లగా నడుచుకుంటూ మార్నింగ్ గ్లోరీ అనే నీటిగుండం దాకా వెళ్ళాం. రైలు కృష్ణ దాటేటప్పుడు రూపాయి బిళ్ళ వేసే అలవాటున్న మనిషి కదా, అమ్మ దణ్ణం పెట్టుకుని చేతిసంచీలో చెయ్యి పెట్టింది. ఆ గుండంలో జనం ఏళ్ళ తరబడి బిళ్ళలూ చెత్తా వెయ్యడం వల్లే కింది నీటిదారులు పూడుకుపోయి, వేడి తగ్గి, దాని రంగు మారిపోయిందని చెబితే చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయ్యో, గంగమ్మకి ఊపిరాడకుండా చేశారే" అంది. సాయంత్రం తిరిగొస్తూ మ్యాడిసన్ నది ఒడ్డున కారు ఆపుకునే చోట ఆపితే, నాన్న దూరంగా మేస్తున్న మందని చూస్తూ రెండు గంటలు కూర్చున్నాడు. ఏడున్నరకల్లా గదిలో ఉన్నాం.

ఇప్పటికీ మా ఊళ్ళో ఎవరొచ్చినా అమ్మ చెప్పేది ఆ రెండోరోజు గురించే. మొదటిరోజు చూసిన పదిహేడు చోట్లలో ఆవిడకి గుర్తున్నది తలనొప్పి.

సరే, అసలు వాదనకొద్దాం. దీనికి మీరు చెప్పబోయే జవాబు నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. "బాసూ, మనకి ఏడాదికి సెలవులే పది పదిహేను. అమ్మావాళ్ళకి వీసా దొరికి, ఆరోగ్యం కుదిరి, మళ్ళీ ఇంతదూరం వస్తారో రారో. విమానం, కారు, హోటలు కలిపి ఇంత ఖర్చు పెట్టి ఒక్కచోట కూర్చుంటామా? వచ్చినప్పుడే అన్నీ చూపించెయ్యాలి." ఇది తీసిపారేసే మాట కాదు. ఇందులో ప్రేమ ఉంది, భయం కూడా ఉంది. మళ్ళీ రారేమో అన్న భయమే 23 వరసలు రాయిస్తుంది.

కానీ ఆ భయం నిజమైతే, మళ్ళీ రారన్నది నిజమైతే, ఆ మూడు రోజులు వాళ్ళతో గడపాలా, వాళ్ళని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని షీటుతో గడపాలా? మా నాన్న నన్ను చూడ్డానికొచ్చాడు. మొదటిరోజు నేను ఆయనతో మాట్లాడినవి 'ఎక్కండి', 'దిగండి', 'అయిందా' తప్ప ఇంకేం గుర్తులేవు.

ఇంకోటి. మనం రోజూ చేసే పనిలో ఇది మనకి తెలియని సంగతేం కాదు. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో కొత్త కోడ్ పెట్టం. ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడు ఎంతో కొంత కలిపి చెబుతాం. టీములో అందరినీ నూటికి నూరు శాతం పనిలో ఇరికిస్తే ఒక్కడికి జ్వరం వచ్చినా రిలీజు పోతుందని మేనేజర్లకి లెక్చర్లిస్తాం. ఆ తెలివంతా సెలవు పెట్టగానే ఎటు పోతుందో మరి! ఆఫీసులో మేనేజరు మనకేం చేస్తే తిట్టుకుంటామో, సెలవులో మనవాళ్ళకి మనం అదే చేస్తాం.

పైగా అడవి మన డిపెండెన్సీలన్నిటికన్నా మొండిది. 2022 జూన్‌లో వరదలొచ్చి ఉత్తరపు రోడ్లు కొట్టుకుపోతే ఐదు ద్వారాలూ మూసేసి పదివేల మందికి పైగా సందర్శకులని బయటికి పంపించేశారు. 2024 జులై 23న బిస్కట్ బేసిన్ దగ్గర నేలలోంచి వేడినీళ్ళూ రాళ్ళూ పేలి పైకి లేస్తే చెక్కబాట మీద జనం పరిగెత్తారు. ఆ చోటుని మూసేశారు. అలాంటి రోజున ఒక్కో నిమిషం బిగించిన షీటు మీ దగ్గరుంటే, అది మొత్తం కూలిపోతుంది. రోజుకి ఒకటే పెద్ద పని పెట్టుకున్నవాడికి ఇంకో చోటికి వెళ్ళడం పెద్ద కష్టం కాదు.

తొందర ఇంకో రకంగా కూడా ప్రమాదం. 2016లో కొందరు సందర్శకులు ఒక బైసన్ దూడ చలికి వణుకుతోందనుకుని కార్లో ఎక్కించుకుని తీసుకొచ్చారు. తర్వాత మంద దాన్ని దగ్గరికి రానివ్వలేదు, చివరికి దాన్ని చంపెయ్యాల్సొచ్చింది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కాసేపు ఆగి, చూసి, అడిగి ఉంటే సరిపోయేది. బైసన్, ఎల్క్ లాంటివాటికి 25 గజాలు, ఎలుగుబంట్లు, తోడేళ్ళకి 100 గజాలు దూరం ఉండాలని అక్కడి నిబంధన. 25 గజాలంటే రెండు ఆర్టీసీ బస్సులు ముందూ వెనకా పెట్టినంత (నాన్న కొలత). బైసన్ గంటకి 35 మైళ్ళ వేగంతో పరిగెత్తగలదు, మనం పరిగెత్తలేం. వేడినీటి బుగ్గల దగ్గర చెక్కబాట దిగకూడదు. పైన గట్టినేలలా కనబడుతుంది, కింద మరుగుతుంటుంది. ఇప్పటిదాకా ఆ వేడినీళ్ళల్లో కాలి చనిపోయినవాళ్ళు 20 మందికి పైనే. 'ఒక్క ఫొటో, రెండే నిమిషాలు' అన్నవాళ్ళే బాట దిగడం నా కళ్ళారా చూశాను.

మరి ప్లాను వద్దా? వద్దనట్లేదు. నా మాట అదే అయితే నాన్న ఒప్పుకోడు. ఆర్టీసీ అంతా టైముల మీదే నడిచింది, కాకపోతే ఘాట్ రోడ్డుకి మైదానం లెక్క వాడరంటాడాయన. ఇప్పుడు నేను ప్లాను ఇలా వేస్తాను. ముందు గేటు: ఏ రోజైనా పొద్దుగూకే ముందు గదిలో ఉండాలి. జూన్‌లో అక్కడ తొమ్మిది దాకా వెలుతురుంటుంది కాబట్టి ఇదేం పెద్ద త్యాగం కాదు. గేటు నుంచి వెనక్కి లెక్కేసుకుంటే గది ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. గది దగ్గరలో ఉండటమే అన్నిటికన్నా ముఖ్యం, డబ్బులు పెట్టాల్సింది అక్కడ. పార్కు లోపలికి ఏడాది ముందే ప్రయత్నించండి. దొరక్కపోతే వెస్ట్ ఎల్లోస్టోన్, గార్డినర్ లాంటి గేటు పక్క ఊళ్ళు. రోజుకి 8 అంకెలో ఒక ముక్క చాలు: ఓరోజు గీజర్ల వైపు, ఓరోజు కాన్యన్, హేడెన్ వైపు, ఓరోజు మామత్, లామార్ వ్యాలీ వైపు. 1995లో కెనడా నుంచి తెచ్చి వదిలిన తోడేళ్ళ వారసులని చూడాలంటే లామార్‌లో తెల్లవారుజామున టెలిస్కోపులు పెట్టుకుని కూర్చునేవాళ్ళ పక్కన ఓపిగ్గా నిలబడాలి. 'తోడేలు, 15 నిమిషాలు' అని వరస రాస్తే రాదు.

సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే ఫోన్లో దింపుకోండి, కాయితం మ్యాపు గేటు దగ్గర ఇస్తారు. పెట్రోలు సగం ఉండగానే నింపుకోండి. జూన్‌లో కూడా మంచు పడొచ్చు, స్వెట్టర్లు మర్చిపోవద్దు. నవంబర్ మొదట్నుంచి ఏప్రిల్ మధ్యదాకా ఉత్తరం, ఈశాన్యం గేట్ల మధ్య రోడ్డు తప్ప మిగతావి కార్లకి మూసేస్తారు. కాలిబాటల్లోకి వెళ్ళేట్టయితే ఎలుగుబంటి స్ప్రే అక్కడే కొనుక్కోండి, విమానంలో తీసుకెళ్ళనివ్వరు. పెద్దవాళ్ళుంటే మొదటిరోజు ఎత్తుకి అలవాటు పడనివ్వండి. నీళ్ళు తాగారా అని గంటకోసారి అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఇంతా రాసి, నిన్న ఆ కుర్రాడికి షీటు పంపించా. వాడు పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. "అన్నా, తప్పు ఫైలు పంపినట్టున్నావ్. ఇందులో మూడే వరసలున్నాయి, పక్కన 'గేటు 7:30' అని ఏదో కాలమ్ ఉంది. ఏ గేటన్నా అది?" అన్నాడు.

దోర్నాల గేటు అని చెప్పా. రేపు కాఫీ దగ్గర మిగతా కథ చెప్పాలి.

తా.క.: రుసుము సంగతి. 2026 జనవరి నుంచి నిబంధనలు మారాయి. అమెరికా నివాసులకి వార్షిక పాసు 80 డాలర్లు, కానివాళ్ళకి 250. పాసు లేని, అమెరికా నివాసులు కాని 16 ఏళ్ళు పైబడినవాళ్ళకి ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ సహా 11 పార్కుల్లో మామూలు రుసుముకి తోడు తలకి 100 డాలర్లు అదనం. సందర్శకుల వీసా మీద వచ్చే అమ్మానాన్నలకి ఇది తగిలే అవకాశం ఉంది కాబట్టి, ఎవరి పాసు ఎవరికి వర్తిస్తుందో బయల్దేరే ముందే చూసుకోండి. గేటు దగ్గర అమ్మకి ఆ సంగతి తెలిస్తే మాత్రం "నేను కార్లోనే కూర్చుంటాలే, మీరు చూసి రండి" అంటుంది :)